ఒంట్లో ఏ బాధా లేని మనిషికి ఇప్పుడే మందు ఎందుకు? పేద దేశాల్లో హెచ్‌ఐవీ చికిత్స

#1 సందేహాల_శేఖర్

అందరికీ నమస్కారం. పబ్లిక్ హెల్త్ రెండో ఏడాది చదువుతున్నాను. పేద దేశాల్లో హెచ్‌ఐవీ మందులు ముందుగా మొదలుపెట్టడం గురించి వచ్చే వారం క్లాసులో సెమినార్ ఇవ్వాలి. స్లైడ్లు సగం అయ్యాయి, ఒకచోట ఆగిపోయాను.

2003 ప్రాంతంలో డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) మాట ఏమిటంటే, సీడీ4 కౌంట్, అంటే రక్తంలో రోగనిరోధక కణాల లెక్క, 200 కన్నా తగ్గాకే మందు. 2010కి ఆ గీత 350కి జరిగింది. 2013లో 500 అయింది. 2015 సెప్టెంబరులో గీతే చెరిపేశారు. పాజిటివ్ అని తేలితే చాలు, కౌంట్ ఎంతున్నా మొదలుపెట్టమన్నారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో ఈ కౌంట్ 500 నుంచి 1500 దాకా ఉంటుంది. అంటే 600 కౌంట్‌తో తన పని తాను చేసుకుంటున్న మనిషి కూడా ఇవాళ్టి నుంచి బతికినన్నాళ్ళూ రోజూ మాత్ర వేసుకోవాలి.

నా డౌట్ ఏంటంటే, మంచం పట్టినవాళ్ళకే మందు అందని దేశంలో, నడిచి వచ్చిన మనిషికి మందివ్వడం న్యాయమేనా? ఉన్న డబ్బు ముందు ఎవరి మీద పెట్టాలి? రెండు వాదనలూ సబబుగానే కనిపిస్తున్నాయి. అదే టెన్షన్.

#2 నైట్_డ్యూటీ

శేఖర్, మంచి ప్రశ్న. కాకపోతే 2009లో అందరూ తలలు బద్దలుకొట్టుకున్న ప్రశ్న. జవాబు ఎలా వచ్చిందో చెబుతాను, నేను కొంత కళ్ళారా చూశాను కాబట్టి.

2010 నుంచి రెండేళ్ళు మలావీలో ఒక జిల్లా ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేశాను. గీత 350 అని కాగితం మీద రాయడం తేలిక. మనిషి గీతకి ఇవతల ఉన్నాడో అవతల ఉన్నాడో తెలియాలంటే సీడీ4 మెషీన్ కావాలి. మెషీన్ ఉంటే పరీక్షకి వాడే రసాయనం, రీఏజెంట్, ఉండదు. రెండూ ఉన్నరోజు కరెంటు ఉండదు. పల్లెల్లో హెల్త్ సెంటర్లలో తీసిన రక్తం రెండు రోజుల్లోపు మెషీన్ దగ్గరికి చేరాలి. చేర్చేది ఒక మోటారు సైకిల్. వానలు మొదలైతే అదీ లేదు.

అక్కడ ప్రతి పేషెంటు దగ్గరా చిన్న నోటు పుస్తకం ఉంటుంది, హెల్త్ పాస్‌పోర్ట్ అంటారు. మన దగ్గర ఫైలు ఏమీ ఉండదు, మనిషి చరిత్రంతా ఆ పుస్తకంలోనే. ఒక గర్భిణి నాకు ఇప్పటికీ గుర్తు. ఆమె పుస్తకంలో ఒకే మాట మూడుసార్లు, మూడు చేతిరాతల్లో ఉంది: సీడీ4కి రక్తం పంపాం, రిజల్ట్ రాలేదు. నాలుగోసారి నా దగ్గరికి వచ్చేసరికి తొమ్మిదో నెల. కౌంట్ ఎంతో తెలియకుండానే ఆమె నాలుగుసార్లు నడిచింది.

2011లో మలావీ ప్రభుత్వం ఏం చేసిందంటే, గర్భిణులకూ పాలిచ్చే తల్లులకూ కౌంట్ చూడకుండా జీవితాంతం మందు మొదలుపెట్టేయమంది. దీన్నే ఆప్షన్ బి ప్లస్ అంటారు. డబ్ల్యూహెచ్‌ఓ అప్పటికి ఆ మాట అనలేదు. ఒక పేద దేశం తన ఇబ్బందిలోంచి తీసుకున్న నిర్ణయం అది. 2011 రెండో త్రైమాసికంలో ఇలా మందు మొదలుపెట్టిన తల్లులు 1,257 మంది. 2012 మూడో త్రైమాసికంలో 10,663 మంది.

గీత చెరిపేయడం వెనక దయాగుణం కన్నా, ఆ గీత కొలవలేక పుట్టిన విసుగు ఎక్కువ ఉందని నా అభిప్రాయం.

#3 లెక్కల_మాస్టారు

డాక్టర్ గారూ, తల్లుల విషయంలో కాదనేవాడు ఎవడూ లేడు. బిడ్డకి సోకకుండా ఆపాలి, అది వేరే లెక్క. శేఖర్ అడిగింది మామూలు మనిషి సంగతి.

2009 చివరికి తక్కువ, మధ్యస్థ ఆదాయ దేశాల్లో మందు వాడుతున్నవాళ్ళు దాదాపు 52 లక్షలు. పాత గీత ప్రకారం మందు కావాల్సినవాళ్ళు కోటి. గీత 350కి జరపగానే ఆ కోటి కాస్తా కోటిన్నర అయింది. సగం మందికే అందుతున్న చోట క్యూని ఇంకా పొడుగు చేశారన్నమాట. అప్పట్లో దీన్ని తప్పుబట్టినవాళ్ళు పేదల శత్రువులేం కాదు. జబ్బు ముదిరినవాళ్ళు క్యూలో వెనక్కి పోతారేమోనని భయపడ్డారంతే.

అయితే గీత 200 దగ్గర ఉంచకూడదని చెప్పింది మాత్రం గట్టి సాక్ష్యమే. అది హైతీ నుంచి వచ్చింది. పోర్టో ప్రిన్స్‌లో గెస్కియో అనే కేంద్రం ఉంది, 1982 నుంచి ఈ జబ్బు మీద పనిచేస్తోంది. కౌంట్ 200కీ 350కీ మధ్య ఉన్న 816 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి వెంటనే మందు. రెండో గుంపుకి అప్పటి రూలు ప్రకారం 200 కన్నా తగ్గాకో, ఎయిడ్స్ లక్షణాలు కనిపించాకో. వెంటనే మొదలుపెట్టినవాళ్ళలో 6 మంది చనిపోయారు, ఆగినవాళ్ళలో 23 మంది. కొత్తగా టీబీ వచ్చినవాళ్ళు 18, 36. 2009లో భద్రతా కమిటీ అధ్యయనం ఆపించి అందరికీ మందు ఇప్పించింది. మరుసటి జనవరిలోనే అక్కడ భూకంపం. అది వేరే కథ.

నా పేచీ 350 దాకా కాదు, ఆ పైన.

#4 గాలివాటం

ఇదంతా మందుల కంపెనీల వ్యాపారం సార్. ఆరోగ్యంగా ఉన్నవాణ్ణి పట్టుకుని జీవితాంతం కస్టమర్‌ని చేసేశారు. ఆ మందులు వాడితే బుగ్గలు లోపలికి పోతాయి, కాళ్ళు మంటలు, లివర్ పాడు. నాకు తెలిసినవాళ్ళలో ఒకాయన జబ్బుతో కాదు, మందుతోనే పోయాడు. బాగా తింటూ గట్టిగా ఉన్నంతకాలం మందు జోలికి పోకూడదు.

#5 మాత్రల_ఫ్యాక్టరీ

గాలివాటం గారూ, మీరు చెప్పిన బుగ్గలు, కాళ్ళ మంటలు నిజమే. అబద్ధమని నేను అనను. అయితే అవి ఏ మందువో మీరు చెప్పలేదు.

నేను ఈ మందులు తయారయ్యే చోట పద్దెనిమిదేళ్ళుగా కెమిస్ట్‌ని. మొదట్లో పేద దేశాలకి వెళ్ళినవాటిలో స్టావుడిన్ ఉండేది. చవక. అందుకే లక్షల ప్రాణాలు నిలబెట్టింది. కానీ ఏళ్ళ తరబడి వాడితే నరాలు దెబ్బతిని అరికాళ్ళు భగభగమంటాయి, ముఖంలో కొవ్వు కరిగిపోయి చూడగానే తెలిసిపోయేలా మనిషి మారిపోతాడు. కొందరికి రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి వచ్చేది. 2009లో దాన్ని వదిలించుకోమని డబ్ల్యూహెచ్‌ఓనే చెప్పింది. ఆ మందు చేతిలో ఉన్న రోజుల్లో "ఇంకొన్నాళ్ళు ఆగుదాం" అన్న డాక్టరు తెలివైనవాడే.

ఇప్పుడు ఎక్కువమంది వాడేది టీఎల్‌డీ: టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు, మూడూ కలిపి రోజుకి ఒక్క మాత్ర. దీనికీ ఇబ్బందులున్నాయి. కొందరు బరువు పెరుగుతారు, కొందరికి నిద్ర పట్టదు, కిడ్నీల మీద ఒక కన్నేసి ఉంచాలి. కానీ స్టావుడిన్‌తో దీనికి పోలికే లేదు. కాబట్టి శేఖర్ బాబూ, ఎప్పుడు మొదలుపెట్టాలి అనే ప్రశ్నని ఏ మందుతో అనే ప్రశ్న లేకుండా అడగొద్దు. గీత జరిగిన ప్రతిసారీ వెనకాల మాత్ర కూడా మారుతూ వచ్చింది.

ఇక కంపెనీల వ్యాపారం సంగతి. 2000లో ఒక మనిషికి ఏడాది మందు 10 వేల డాలర్లు దాటేది. 2001 ఫిబ్రవరిలో మన దేశపు మందుల కంపెనీ సిప్లా తరఫున దాని అధిపతి యూసుఫ్ హమీద్ మూడు మందుల కలయికని ఏడాదికి 350 డాలర్లకి ఇస్తానని ప్రకటించాడు. 2017లో టీఎల్‌డీ ఒప్పందం 75 డాలర్ల దగ్గర కుదిరింది. 2023లో పేద దేశాల కోసం మందులు కొనే గ్లోబల్ ఫండ్ 45 డాలర్ల లోపుకి దించింది. కుట్ర అయితే ధర ఇలా దిగదు. ఇందులో మాకు మిగిలేది పైసల్లో. పరిమాణం మీద బతకాలి.

#6 గాలివాటం

పరిమాణం మీద బతుకుతామని మీరే అంటున్నారు. అందుకేగా అందరికీ ఇమ్మంటున్నది!

#7 మాత్రల_ఫ్యాక్టరీ

హహ. దొరికిపోయాను. కానీ గీత చెరిపింది మేం కాదండీ.

#8 పన్నెండేళ్ళుగా

నేను ఇక్కడ ఎప్పుడూ రాయను, చదువుతాను. "గట్టిగా ఉన్నంతకాలం మందు జోలికి పోకూడదు" అన్న మాట చూసి ఊరుకోలేకపోయాను.

నాకు 2012లో తెలిసింది. ఏ దేశమో ఏ ఊరో చెప్పను. కౌంట్ 430. నేనున్న చోట అప్పట్లో 350 కన్నా తగ్గితేనే మందు. కౌంటర్‌లో ఆవిడ నవ్వుతూ "నీకు ఇంకా టైముందమ్మా, ఆరు నెలలకి రా" అంది. సంతోషంగా బయటికి వచ్చాను. పరీక్ష పాసైనట్టు.

ఆ తర్వాత ప్రతి ఆరు నెలలకీ ఆ అంకె కోసం బతికాను. 410. 395. ఒకసారి 440కి పెరిగితే నాకు తగ్గిపోతోందేమో అనుకున్నాను. మందు లేదు కాబట్టి జబ్బు లేదు అని మనసు చెప్పేది. అలా ఒకసారి వెళ్ళడం మానేశాను. టైముందని వాళ్ళే అన్నారుగా. 2014లో దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలకి దిండు తడిసిపోయేది. టీబీ. కౌంట్ 160. పద్నాలుగు కిలోలు తగ్గాను.

అంతకుముందు రోజు దాకా నేను గట్టిగానే ఉన్నానండీ. గట్టిగా ఉండటానికీ లోపల జరిగేదానికీ సంబంధం లేదు.

#9 నిర్వాహకుడు

పై పోస్టు కింద ఒక సభ్యుడు "మీకెలా సోకింది" అని అడిగారు. ఆ వ్యాఖ్య తీసేశాను. ఎవరికి ఎలా సోకిందన్నది ఇక్కడ చర్చ కాదు. రెండోసారి అడిగితే ఖాతా ఆగుతుంది. మిగతావాళ్ళు కానివ్వండి.

#10 లెక్కల_మాస్టారు

అమ్మా, మీరు రాసినందుకు ధన్యవాదాలు. నేను అంకెలు మాట్లాడుతున్నప్పుడు దాని వెనక ఆరు నెలలకోసారి క్యూలో నిలబడే మనిషి ఉంటాడని మర్చిపోతుంటాను.

నా పేచీ 350కి పైన అన్నాను కదా, అక్కడి సాక్ష్యం సంగతి చెప్తాను. మూడు అధ్యయనాలు. మూడూ ఒకే స్లైడులో ఇరికించకు శేఖర్, ఒక్కోటి చెప్పేది ఒక్కోటి.

మొదటిది 2011లో వచ్చిన హెచ్‌పీటీఎన్ 052. ఒకరికి ఉండి, ఇంకొకరికి లేని 1,763 జంటలు, తొమ్మిది దేశాల్లో. మలావీ, జింబాబ్వే, కెన్యా కూడా ఉన్నాయి. భాగస్వామి నుంచే సోకిందని జన్యు పరీక్షలో తేలిన కేసులు 28. అందులో 27 మందు ఆలస్యంగా మొదలైన గుంపులో, ఒకే ఒక్కటి వెంటనే మొదలైన గుంపులో. 96 శాతం తగ్గుదల అనే మాట అక్కణ్ణుంచే. ఇది పక్క మనిషికి జరిగిన మేలు.

రెండోది టెంప్రానో, ఐవరీ కోస్ట్‌లో, 2,056 మందితో. ఇది నాకు చాలా ఇష్టమైనది, ఎందుకంటే అచ్చంగా టీబీ ఎక్కువ ఉన్న చోట చేశారు. వెంటనే మందు మొదలుపెడితే తీవ్రమైన జబ్బులు 44 శాతం తగ్గాయి. ఆరు నెలలు టీబీ నివారణ మాత్ర ఐసోనియాజిడ్ ఇస్తే అది విడిగా 35 శాతం తగ్గించింది. ఆ రెండో సగం ఎవరూ చెప్పరు. అగ్గువ మాత్ర కాబట్టి గ్లామర్ లేదు.

మూడోది స్టార్ట్, 35 దేశాల్లో 4,685 మంది, అందరి కౌంటూ 500 పైనే. 2015లో ఫలితం. వెంటనే మొదలుపెట్టినవాళ్ళలో 42 మందికి తీవ్రమైన జబ్బో మరణమో, 350 దాకా ఆగినవాళ్ళలో 96 మందికి. 57 శాతం తగ్గుదల అని పత్రికలు రాశాయి. తప్పు కాదు. కానీ ఇంకోలా చదవండి. ఆగిన గుంపులోని 2,359 మందిని సగటున మూడేళ్ళు గమనిస్తే, 2,263 మందికి అలాంటిదేమీ కాలేదు. కాబట్టి 500 పైన ఉన్నవాడికి ఈ నెల మొదలుపెడితే ఒకటి, ఆర్నెల్లకి మొదలుపెడితే ఒకటి అని ఎవరన్నా అంటే వాళ్ళు మరీ మూర్ఖులేం కాదు.

#11 నైట్_డ్యూటీ

మాస్టారూ, ఆ 2,263 మంది నాలుగు నెలలకోసారి క్రమం తప్పకుండా వచ్చి రక్తం ఇచ్చినవాళ్ళు. అధ్యయనంలో ఉన్నారు కాబట్టి ఫోన్ చేసి మరీ పిలిచారు. మలావీ పల్లెలో "ఆర్నెల్లకి రా" అంటే చాలామందికి అది "ఇక రావద్దు" అన్నట్టే. పైన ఆవిడ రాసింది చూడండి. మీ లెక్కలో ఆగడం అంటే ఆగడమే. మా దగ్గర ఆగడం అంటే మాయమవడం.

#12 లెక్కల_మాస్టారు

ఒప్పుకున్నాను. ఆ వాదన నాకు స్టార్ట్ అధ్యయనం కన్నా బలంగా తోస్తోంది.

#13 లుసాకా_నుంచి

జాంబియాలో ఔషధ సరఫరా పనిలో ఉన్నాను, తొమ్మిదేళ్ళు అయింది. మీరంతా మొదలుపెట్టడం గురించే మాట్లాడుతున్నారు. మా తలనొప్పి రెండో నెల నుంచి.

మాత్రలు ప్లాస్టిక్ సీసాలో వస్తాయి. సీసా ఊపితే గలగలమంటుంది. ఆ చప్పుడు ఏ మాత్రలదో బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళకి తెలుసు. ఒకసారి క్లినిక్ గేటు బయట నిలబడి చూశాను: ముగ్గురు ఆడవాళ్ళు గోడ చాటుకి వెళ్ళి, సీసాలు విప్పి, మాత్రలు చేతి రుమాలులో మూటగట్టుకుని, ఖాళీ సీసాలు అక్కడే పారేసి వెళ్ళిపోయారు. తేమ తగలకుండా సీసాలో వేసే చిన్న పొట్లం కూడా నేలపాలు. ఎంత శ్రద్ధగా ప్యాక్ చేసి పంపుతారో ఫ్యాక్టరీ ఆయనకే తెలియాలి.

ఒంట్లో బాగోక మొదలుపెట్టినవాళ్ళు మందు పనిచేయడం తమ కళ్ళతో చూస్తారు. లేచి నడుస్తారు, ఆకలి వేస్తుంది. ఆ మందుని వదలరు. బాగున్నప్పుడు మొదలుపెట్టినవాళ్ళకి కనిపించే మార్పు ఏమీ లేదు, దాచుకోవాల్సిన సీసా తప్ప. డాక్టర్ గారు చెప్పిన ఆప్షన్ బి ప్లస్‌లోనూ అదే తేలింది. మలావీలో ఆరు నెలలకి 17 శాతం మంది జాడ లేదు. గర్భంతో ఉన్నప్పుడు మొదలుపెట్టినవాళ్ళు, తమ జబ్బు కోసం మొదలుపెట్టిన ఆడవాళ్ళతో పోలిస్తే, మొదటి రోజు తర్వాత తిరిగి రాకపోవడం ఐదు రెట్లు.

ఇది ముందుగా మొదలుపెట్టొద్దు అనడానికి కాదు. మొజాంబిక్‌లోని టెటేలో 2008 నుంచి ఒక పద్ధతి నడిచింది: ఆరుగురి దాకా ఒక గుంపు, నెలకొకరు వంతులవారీగా క్లినిక్‌కి వెళ్ళి అందరి మందూ తెస్తారు. ఏడాదికి పన్నెండు ప్రయాణాలు రెండయ్యాయి. ఇప్పుడు చాలాచోట్ల మూడు నెలల మందు, ఆరు నెలల మందు ఒకేసారి ఇస్తున్నారు. బాగున్న మనిషికి క్లినిక్ ముఖం ఎంత తక్కువ చూపిస్తే అంత ఎక్కువకాలం మందు మీద ఉంటాడని నా అనుభవం.

#14 సందేహాల_శేఖర్

అమ్మో, నా స్లైడ్లు మళ్ళీ రాయాలి. లుసాకా అన్నా, జాంబియాలోనే కదా పాప్‌ఆర్ట్ అధ్యయనం జరిగింది? ఇల్లిల్లూ తిరిగి పరీక్షలు చేసి, అందరికీ మందిస్తే కొత్తగా సోకడమే ఆగిపోతుందని నిరూపించారట?

#15 లుసాకా_నుంచి

ఇల్లిల్లూ తిరిగింది నిజం. జాంబియా, దక్షిణాఫ్రికాల్లో 21 ప్రాంతాలు, దాదాపు 10 లక్షల జనాభా. ఆ కార్యకర్తల్ని ఇక్కడ చిప్స్ అనేవాళ్ళు. బ్యాగు భుజాన వేసుకుని పేటలన్నీ తిరిగారు. "నిరూపించారట" అన్నది మాత్రం మాస్టారికి వదిలేస్తున్నాను.

#16 లెక్కల_మాస్టారు

నిరూపణ కాదు నాయనా, చిక్కుముడి. 2019లో ఫలితాలొచ్చాయి. ఇంటింటి పరీక్షలు చేసి, ఆ దేశపు రూలు ప్రకారం మందిచ్చిన ప్రాంతాల్లో కొత్త కేసులు 30 శాతం తగ్గాయి. అవే పరీక్షలు చేసి, మొదటి రోజు నుంచే అందరికీ మందిచ్చిన ప్రాంతాల్లో తగ్గింది 7 శాతమే, అదీ యాదృచ్ఛికమేమో అనదగ్గంత. నడుమలో దేశాల రూళ్ళు కూడా అందరికీ మందు అనేవైపు మారాయి కాబట్టి రెండు గుంపులూ చివరికి దాదాపు ఒకటే అయ్యాయి. అయినా ఆ తేడా ఎందుకొచ్చిందో తేలిగ్గా చెప్పేవాణ్ణి నమ్మకు. ఇద్దరు మనుషుల మధ్య 96 శాతం, ఊరు మొత్తం మీద 96 శాతం కాదు. ఊళ్ళో పరీక్ష చేయించుకోనివాళ్ళుంటారు, పొరుగూరి నుంచి వచ్చేవాళ్ళుంటారు, ఉపాధికి వెళ్ళి మందు మానేసినవాళ్ళుంటారు.

#17 నైట్_డ్యూటీ

ఒక హెచ్చరిక కూడా పెట్టుకో శేఖర్. ముందుగా అంటే ప్రతిసారీ ఆ పూటే అని కాదు.

మెదడు పొరల్లో క్రిప్టోకాకస్ అనే ఫంగస్ చేరిన పేషెంట్లుంటారు. తలనొప్పితో తల పట్టుకుని వస్తారు, వెలుతురు చూడలేరు. వాళ్ళకి హెచ్‌ఐవీ మందు వెంటనే మొదలుపెడితే కోలుకునే రోగనిరోధక శక్తి ఒక్కసారిగా విరుచుకుపడి మెదడులో ఒత్తిడి పెరిగే ప్రమాదం ఉంది. ఉగాండా, దక్షిణాఫ్రికాల్లో 177 మందితో కోట్ అనే అధ్యయనం చేశారు. ఒకటి రెండు వారాల్లో మొదలుపెట్టినవాళ్ళలో ఆరు నెలలకి 45 శాతం మంది చనిపోయారు. ఐదు వారాలు ఆగినవాళ్ళలో 30 శాతం. అదే మామూలు టీబీలో, కౌంట్ బాగా పడిపోయినవాళ్ళకి ఇది తిరగబడుతుంది: కంబోడియాలో ఎనిమిది వారాలు ఆగే బదులు రెండు వారాల్లో మొదలుపెడితే మరణాలు 90 నుంచి 59కి తగ్గాయి. పసిపిల్లల్లో అయితే ఆగడమనే ఆలోచనే వద్దు. దక్షిణాఫ్రికాలో చెర్ అధ్యయనం 2008లోనే చెప్పింది: ఆగిన గుంపులో 16 శాతం పిల్లలు చనిపోతే, వెంటనే మొదలుపెట్టిన గుంపులో 4 శాతం.

నన్ను బాగా కుదిపే సంగతి ఇంకొకటి. అందరికీ మందు అన్నాక సీడీ4 పరీక్ష ఇక ఎందుకని చాలాచోట్ల దానికి డబ్బు తగ్గించేశారు. మెషీన్లు మూలపడ్డాయి. కానీ ఇప్పటికీ ఎంతోమంది కౌంట్ 200 లోపు పడిపోయాకే మొదటిసారి వస్తున్నారు, కొందరు మధ్యలో మానేసి తిరిగొస్తున్నారు. పైకి చూస్తే అందరూ ఒకేలా ఉంటారు. ఈ మనిషికి క్రిప్టోకాకస్ పరీక్ష చేయాలి, మూత్రంలో టీబీ పరీక్ష చేయాలి అని చెప్పేది ఆ కౌంటే. గుమ్మం దగ్గర ఆపడానికి వాడిన అంకెని తీసేశాం, బాగుంది. లోపలికొచ్చాక ఎవరిని ముందు చూడాలో చెప్పే అంకె కూడా దానితోపాటే పోయింది.

#18 సందేహాల_శేఖర్

ఇది నాకు అస్సలు తట్టలేదు మేడమ్. చివరి ప్రశ్న. పాజిటివ్ అని చెప్పిన రోజే మందు చేతిలో పెట్టేయడం మంచిదేనా? లెసోతోలో అలా చేశారని చదివాను.

#19 లెక్కల_మాస్టారు

చేశారు. ఇంటింటికీ వెళ్ళి పరీక్ష చేసి, పాజిటివ్ వచ్చిన 274 మందిలో ఒక గుంపుకి అక్కడే, ఆ రోజే మందు ఇస్తామన్నారు. రెండో గుంపుని క్లినిక్‌కి రమ్మన్నారు. ఏడాదికి వైరస్ అదుపులో ఉన్నవాళ్ళు మొదటి గుంపులో 50 శాతం, రెండో గుంపులో 34. మంచిదే. కానీ మొదటి గుంపులోనూ సగం మంది అదుపులో లేరని కూడా స్లైడులో రాయి.

#20 పన్నెండేళ్ళుగా

నేనొక మాట చెప్పొచ్చా? ఇప్పుడు నా వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, కనపడనంత తక్కువ. పదేళ్ళుగా అంతే. నా నుంచి ఇంకొకరికి సోకదని తెలుసు. కాబట్టి ముందుగా మొదలుపెట్టడానికి నేను వ్యతిరేకం కాదు. నాకు ఆ రెండేళ్ళు ముందే ఇచ్చి ఉంటే టీబీ వచ్చేది కాదేమో.

కానీ ఆ రోజే అంటే... ఆ రోజు నేను ఇంటికి ఎలా వెళ్ళానో నాకు గుర్తు లేదు. ఎవరు ఏం చెప్పినా వినపడే స్థితి కాదు. చేతిలో సీసా పెట్టి ఉంటే దారిలో కాలవలో పడేసేదాన్ని. మర్నాడు పొద్దున ఇచ్చి ఉంటే వేసుకునేదాన్ని. ఒక్క రాత్రి. అంతకన్నా వద్దు, ఆర్నెల్లు అసలే వద్దు. ఇవ్వండి, కానీ మర్నాడు ఎవరో ఒకరు ఫోన్ చేయండి.

#21 లుసాకా_నుంచి

అక్కా, ఆ ఫోన్ చేసే మనిషి గురించే నా బాధంతా. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఒక్కసారిగా ఆపినప్పుడు మా గోదాములో మాత్రలు ఉన్నాయి. మాత్రల కన్నా ముందు ఆగింది ఫోన్ చేసేవాళ్ళ, ఇళ్ళకి వెళ్ళేవాళ్ళ జీతం. సోమవారం దాకా పేరుపేరునా అందర్నీ గుర్తుపెట్టుకున్న అమ్మాయి మంగళవారం నుంచి రాలేదు. ఆమె రిజిస్టర్ బల్ల మీద అలాగే ఉంది, ఎవరికి ఏ తేదీకి మందు అయిపోతుందో పక్కన పెన్సిల్‌తో రాసి.

#22 గాలివాటం

ఇంతకుముందు రాసినదానికి ఆవిడకి సారీ చెబుతున్నాను. నాకు తెలిసిన ఆయన వాడింది ఆ పాత మందే అయ్యుంటుంది, 2007 నాటి సంగతి. మాత్రల ఫ్యాక్టరీ గారూ, ఇప్పటికీ ఆ పాత మందు వాడుతున్నవాళ్ళు ఉంటే మార్పించుకోవచ్చా?

#23 మాత్రల_ఫ్యాక్టరీ

తప్పకుండా. ఇప్పుడు ఎక్కడా అది మొదటి మందు కాదు. ఎవరన్నా ఇంకా వాడుతుంటే ఈ వారమే డాక్టర్ని అడగమనండి. తమంతట తాము మానేయొద్దని మాత్రం గట్టిగా చెప్పండి. మారడం వేరు, మానేయడం వేరు. మధ్యమధ్య ఆపితే ఏమవుతుందో 2006లో స్మార్ట్ అధ్యయనంలో చూశాం. ఆపినవాళ్ళకి గుండె, కిడ్నీ జబ్బులు కూడా పెరిగాయి.

#24 సందేహాల_శేఖర్

అందరికీ చాలా థాంక్స్. మొదటి స్లైడు మార్చేశాను. "గీత ఎక్కడ?" అని ఉండేది. తీసేసి డాక్టర్ గారి గర్భిణి పుస్తకం సంగతి పెడుతున్నాను, మీకు అభ్యంతరం లేకపోతే. రెండో స్లైడులో 052 ఫలితం ఇలా రాశాను: "ముందుగా మందు మొదలుపెడితే వ్యాప్తి 96 శాతం తగ్గింది."

#25 నైట్_డ్యూటీ

పుస్తకం సంగతి వాడుకో. దేశం పేరు చాలు, జిల్లా అడగొద్దు.

#26 లెక్కల_మాస్టారు

రెండో స్లైడు మార్చు. "భాగస్వామి నుంచి సోకినట్టు తేలిన కేసులు" అని రాయి. మొత్తం 39 మందికి సోకితే అందులో లెక్కలోకి తీసుకున్నవి 28. ఆ మాట లేకపోతే మొదటి వరసలో కూర్చున్నవాడు నిన్ను లేవనివ్వడు. ఎందుకంటే నేనే ఆ వరసలో కూర్చునే రకం.